వాగు దాటితే తల్లిగారిల్లు

మా అత్తమ్మ కిందటి నెలలో చనిపోయింది. పొద్దున టీ తాగి, ఎప్పటిలాగే గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కందిపప్పు ఏరుతూ కూర్చుంది. నేను వంటింట్లో బడికి తీసుకెళ్లే డబ్బా సర్దుకుంటున్నాను. మా గదుల్లో కిరాయికి ఉండే బిహార్ అతనొకడు నైట్ షిఫ్టు దిగి వస్తూ ఆమెకు నమస్తే పెట్టాడట. రోజూ అతన్ని "ఖానా ఖాయా?" అని అడిగే మనిషి ఆ రోజు అడగలేదు. అతనికి అనుమానం వచ్చి నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. "మేడం, అమ్మ బాత్ నహీ కర్ రహీ" అన్నాడు, అమ్మ మాట్లాడటం లేదని. నేను పరుగెత్తి వెళ్లేసరికి చాట ఒళ్లోనే ఉంది, పప్పు ఒక్క గింజ కింద పడలేదు. ఎవరినీ పరేషాన్ చేయకుండా పోతానని ఎప్పుడూ అంటుండేది. అన్నట్టే పోయింది.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పాశమైలారం రోడ్డు మీద మీరెప్పుడైనా వెళ్లినా, గేటు దగ్గర కూర్చున్న ఆ ముసలమ్మను చూసి, కిరాయిల కోసం కాపలా కాస్తోందనుకుని ఉంటారు. ఊళ్లో కూడా చాలామంది అలాగే అనుకునేవారు. నోరు పెద్దది, చెయ్యి గట్టిది అని పేరు. ఆ పేరు పోగొట్టుకోవాలని ఆమె ఎన్నడూ ప్రయత్నం చేయలేదు సరికదా, అదొక పంటచేను అయినట్టు భద్రంగా కాపాడుకుంది.

మా మామయ్య ఉన్నప్పుడు ఆ నేలంతా జొన్నచేను. చుట్టూ కంపెనీలు వచ్చాయి, కొంత భూమి పోయింది, మామయ్యా పోయాడు. మిగిలిన చెక్కలో అత్తమ్మ వరసగా రేకుల గదులు వేయించింది. వాటి వెనక గజాల లెక్కన మిగిలిన జాగాలో కూడా కొత్తిమీర, మెంతి చల్లేది. కిరాయికి ఉన్నవాళ్లను పేరుతో పిలిచేది కాదు. బిహార్ గది, ఒరిస్సా గది, నారాయణఖేడ్ గది. ఏ సైరన్ మోగితే ఏ గదివాళ్లు దిగుతారో ఆమెకు తెలుసు. సాయంత్రం గాలిలో మందుల వాసన వస్తే ముక్కు ఎగబీల్చి, ఇవాళ గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో చెప్పేది. నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను కాబట్టి కిరాయివాళ్లంతా నన్ను మేడం అంటారు. అత్తమ్మ కూడా నాతో గొడవపడ్డ రోజు "మేడం గారు అన్నం పెడతరా, లేక బెల్లు కొట్టాల్నా?" అనేది. నాకు కోపం రావలసిన చోట నవ్వు వచ్చేది.

ఆమె గురించి చెప్పాలంటే నేను ఆ తుఫాను గురించి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట, దసరా వెళ్లిన తర్వాత వచ్చింది. టీవీలో సముద్రం మీద తెల్లటి సుడి తిరుగుతుంటే అత్తమ్మ తీరిగ్గా చూసి, "గదంత సముద్రం కాడి ముచ్చట. మన దాక వచ్చేసరికి తొవ్వలనే అలిసిపోతది" అంది. అది అలిసిపోలేదు. తీరం దాటి, కొండలు దాటి, మా మీదికి వచ్చి ఆగింది. వాన పగలూ రాత్రీ తెరిపి ఇవ్వలేదు. మా ఊరి వాగులో మామూలుగా నీళ్లకంటే కంపెనీల నురగే ఎక్కువ. ఆ వాగు గట్టు దాటి, బట్టలు ఉతికిన నీళ్లలా నురగ కక్కుకుంటూ మా గదుల్లోకి వచ్చింది. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, ఒక్కో తలుపూ కర్రతో బాది, అందరినీ మా ఇంటి మేడ మీది హాల్లోకి తోలింది. పెళ్లిళ్లకు వాడే గంజులో కిచిడీ వండించింది. బిహార్ వాళ్లు, ఒరిస్సా వాళ్లు, మేము, అందరం ఒకే హాల్లో తడిసిన బొంతల మధ్య కూర్చుని తిన్నాం.

రెండో రోజు మధ్యాహ్నం, షిఫ్టు దిగి వస్తున్న ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద కల్వర్టు దాటబోయారు. నీళ్లు కల్వర్టు మీద మోకాలెత్తున పారుతున్నాయి. మేడ మీది నుంచి అత్తమ్మ చూసింది, అరిచింది. వాన హోరులో వాళ్లకు వినపడలేదు. మేము చూస్తుండగానే బైకుతో సహా వాగులోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలా నెలల దాకా అత్తమ్మ అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి "అరిచిన, ఇనవడలే" అనేది.

ఆ హాల్లోనే ఒక మూల ఒరిస్సా గది పిల్ల సుకాంతి, ఆమె భర్త లక్ష్మణ్ కూర్చుని ఉన్నారు. పెళ్లై ఏడాది కూడా కాలేదు. లక్ష్మణ్ కెమికల్ కంపెనీలో లోడింగ్ పని, సుకాంతి మందుల డబ్బాలు ప్యాకింగ్ చేసే చోట. వాళ్ల ఊరు ఒరిస్సా కొండల్లో. అదే తుఫాను మా దగ్గరికి వచ్చే ముందు వాళ్ల కొండల మీదుగా వచ్చింది. సుకాంతి వాళ్లమ్మ ఫోనులో, కొండ మీది నుంచి ఇంటి కప్పు మీద చిన్న చిన్న రాళ్లు పడుతున్నాయి, ఎవరో విసిరినట్టు టకటకమంటున్నాయి అని చెప్పిందట. అంతలో లైను తెగింది. ఆ పిల్ల ఫోను చెవికి పెట్టుకునే కూర్చుంది. బ్యాటరీ అయిపోతే అత్తమ్మ నా ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది.

కబురు వాన వెలిసిన తర్వాత వచ్చింది. కొండచరియ విరిగి ఊరి మీద పడింది. సుకాంతి అమ్మ, నాన్న, తమ్ముడు, ముగ్గురూ దాని కింద ఉండిపోయారు. రైళ్లు మొదలయ్యాక భార్యాభర్తలు వెళ్లి వచ్చారు. వచ్చిన రోజు సుకాంతి ఏడవలేదు. మట్టి చదునుగా ఉందని, తమ ఇంటి వాకిలి ఎక్కడ ఉండేదో కూడా గుర్తుపట్టలేకపోయానని అత్తమ్మకు హిందీలో చెప్పింది. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. పనికి వెళ్లేది, వచ్చేది, పెట్టింది తినేది. పండగ రోజున పరమాన్నం పంపినా, ఇంకోరోజు మాడిన అన్నం పంపినా ఒకే ముఖం. అత్తమ్మకు అన్నిటికంటే అదే భరించరానిది అయింది. కూరలో ఉప్పు తక్కువైందని కూడా అనని మనిషి బతికి ఉన్నట్టా లేనట్టా అని నా మీద కేకలేసేది.

మాఘమాసంలో మా ఆడబిడ్డకు ఒడిబియ్యం పోశాం. తెలంగాణ బయటి పాఠకుల కోసం కాస్త చెబుతాను. పెళ్లైన బిడ్డను కొన్నేళ్లకొకసారి తల్లిగారింటికి పిలిచి, కొత్త చీర కట్టించి పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, పోకలు, ఖర్జూరాలు దోసిళ్లతో ఆమె ఒడిలో పోస్తారు. ఆమె ఆ మూటతో అత్తగారింటికి వెళ్లి, ఆ బియ్యం వండి పదిమందికి పెడుతుంది. వెళ్లే ముందు అందులోంచి ఐదు పిడికిళ్లు తీసి తల్లిగారింట్లోనే పోసి పోవడం మా ఇంటి ఆనవాయితీ. బిడ్డ వెళ్లినా ఇల్లు వెలితి కాకూడదని.

ఈ బియ్యం ముత్తైదువలే పోయాలని పట్టింపు. భర్త లేని తల్లి పక్కన నిలబడి చూస్తుంది, కొడుకూ కోడలూ పోస్తారు. మా అత్తమ్మ ఆ రోజు నన్ను పక్కకు జరిపి, తనే రెండు చేతులా బియ్యం తీసుకుంది. వరసకు పెద్దమ్మ అయ్యే ఆమె ఒకరు మెల్లగా గొణిగారు. అత్తమ్మ తల తిప్పకుండానే, "కన్నప్పుడు పనికొచ్చిన చెయ్యి పోసేటప్పుడు పనికిరాదా?" అంది. పెద్దమ్మ మళ్లీ నోరు మెదపలేదు. అత్తమ్మ తన బిడ్డకు తనే పోసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు సుకాంతి మెట్ల మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూసింది. అంతా అయ్యాక నన్ను ఇదేమిటని అడిగింది. తల్లిగారు బిడ్డకు పోసే బియ్యమని చెప్పాను. "జిస్కా మైకా నహీ హై, ఉస్కో కౌన్ దేతా మేడం?" అని అడిగింది. పుట్టిల్లు లేనివాళ్లకు ఎవరు ఇస్తారని. వెనక చాటలు సర్దుతున్న అత్తమ్మ విన్నది.

మర్నాడు పొద్దున ఆమె ఒరిస్సా గది తలుపు కొట్టి, ఈ నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మా ఆయన కంపెనీ నుంచి వచ్చి విషయం విని, తల్లితో ఆ రోజంతా మాట్లాడలేదు. కిరాణా దుకాణంలో సామాను తూచే ఆమె నా ముఖం మీదే, తుఫానులో అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లను వెళ్లగొట్టిన ఇల్లు మీదేనా అని అడిగింది. నేను వచ్చి అత్తమ్మను నిలదీశాను. ఆమె కొత్తిమీర కట్టలు కడుతూ, వాగు అవతల మెరక మీద తనకు తెలిసినవాళ్ల గది ఖాళీగా ఉందని, అందులో దిగమని చెప్పానని, కిరాయి కూడా మనకంటే ఎక్కువ కాదని అంది. ఎందుకు పంపిస్తున్నావని అడిగితే, "జెర ఆగు మేడం, క్లాసు మొదలు కాలే" అంది. సుకాంతి ఒక్క మాట అడగలేదు. గిన్నెలు గోనెసంచిలో సర్దుకుంది. తాళంచెవి అత్తమ్మ చేతిలో పెట్టి, వంగి కాళ్లకు దండం పెట్టి వెళ్లింది. ఆ రోజు నేను అత్తమ్మకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చోలేదు.

వాళ్లు వెళ్లిన తర్వాత వచ్చిన శుక్రవారం, అత్తమ్మ పొద్దున్నే నన్నూ మా ఆయననూ లేపింది. నా చేతికి కుంకుమ భరిణె ఇచ్చింది. మా ఆయన చేతికి బండి తాళం ఇచ్చింది. వాగు అవతలికి పోయి సుకాంతికి బొట్టుపెట్టి, మొగుడితో సహా పిలుచుకుని రమ్మంది. ఏమని పిలవాలని అడిగాను. "తల్లిగారింటికి రమ్మన్నరని చెప్పు" అంది.

మేము వెళితే సుకాంతి గుమ్మంలో బెదిరి నిలబడింది. గదిలో ఏదైనా విరిగిందేమో, దాని గురించి వచ్చామనుకుంది. నేను బొట్టు పెట్టి అత్తమ్మ చెప్పిన మాట చెప్పాను. అర్థమైందో లేదో నాకు తెలియదు. చీర మార్చుకుని, లక్ష్మణ్‌ను తోడు తీసుకుని మా వెంట వచ్చింది.

ఇంట్లో హాలు మధ్య రెండు పీటలు వేసి ఉన్నాయి. కొత్త చీర, పంచె, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, అన్నీ సిద్ధం. సదాశివపేట నుంచి మా ఆడబిడ్డ కూడా వచ్చి ఉంది. అప్పుడు నాకు సగం అర్థమైంది. మరి వెళ్లగొట్టడం ఎందుకని అడిగాను. అత్తమ్మ నా వైపు కాదు, సుకాంతి వైపు చూసి, తెలుగులోనే అంది.

"తల్లిగారింటికి రావాలంటే ముందుగాల యాడికన్న పోవాలె కదనే, పిచ్చిదానా. ఇంట్లనే ఉన్నోళ్లకు తల్లిగారిల్లు యాడికెల్లి వస్తది?"

మా ఆడబిడ్డ దాన్ని హిందీలోకి మార్చి చెప్పింది. సుకాంతి, లక్ష్మణ్ పీటల మీద కూర్చున్నారు. అత్తమ్మ బియ్యం గంప తెచ్చి నా ముందు పెట్టి, తను వెనక్కి జరిగి గోడకు ఆనుకుని నిలబడింది. పోయమని నేనే ఆమెను పిలిచాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మాఘమాసంలో పెద్దమ్మ నోరు మూయించిన మనిషి, ఇవాళ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అసలే అంత దెబ్బ తిన్న పిల్ల, భర్త లేని తన చెయ్యి తగలకుండా ఉంటేనే మంచిదని భయపడిందేమో అనుకున్నాను. నాకు అప్పుడు అదే తోచింది. నేను దోసిలి పట్టి పోశాను. మొదటి దోసిలి ఒడిలో పడగానే ఆ పిల్ల ఏడ్చింది. తుఫాను వచ్చినప్పటి నుంచి ఏడవనిదంతా ఆ బియ్యంలో ఏడ్చింది. అత్తమ్మ గోడ దగ్గర నుంచే, "ఏడ్వనీయుండ్రి" అంది.

ఐదు పిడికిళ్లు ఇంట్లో పోసి పొమ్మంటే సుకాంతి దోసిళ్లతో పోయసాగింది. ఆపకపోతే ఒడి మొత్తం మా బియ్యం డ్రమ్ములోనే ఖాళీ చేసేది. అందరం నవ్వాం. తర్వాత అత్తమ్మ చెప్పులేసుకుని వాళ్లతో పాటు నడిచి, కల్వర్టు దాటించి, అవతలి గట్టు మీద నిలబడి వాళ్లు కనపడేంతవరకు చూసి వచ్చింది. వరదలో ఆ కుర్రాళ్లు కొట్టుకుపోయిన దగ్గర నుంచి ఆమె తనవాళ్లనెవ్వరినీ ఆ కల్వర్టు ఒంటరిగా దాటనిచ్చేది కాదు. ఎండాకాలంలో వాగు ఎండిపోయి కుక్కలు పడుకున్నప్పుడు కూడా అంతే.

ఊళ్లో విషయం తెలిసింది. కిరాణా దుకాణం ఆమె తనకు ముందే తెలుసన్నట్టు మాట్లాడింది. అత్తమ్మ ఎవరికీ ఏమీ వివరించలేదు. నోరు పెద్దదనే పేరు చెడగొట్టుకోవడం ఇష్టంలేక కావచ్చు.

తర్వాత సుకాంతి రావడం మొదలుపెట్టింది. వారానికోసారి సెలవు రోజున, వాగు దాటి. మొదట్లో వచ్చి మెట్ల మీద కూర్చునేది. తర్వాత వంటింట్లోకి వచ్చింది. ఒక రోజు అన్నం తింటూ, "అమ్మా, దీంట్ల నమక్ తక్కువుంది" అంది. అత్తమ్మ ముఖం చూడాలి. తన వంటను మా ఆయన ఒక మాట అంటే మూడు రోజులు గుర్తుపెట్టుకునే మనిషి, ఆ పిల్ల వంక పెట్టిందని లేచి ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. "గట్ల అడుగు. బిడ్డవైతే అడుగుతవు" అంది. ఆ సాయంత్రం ఎదురైన ప్రతివాళ్లకూ, తన బిడ్డ తన కూరకు వంక పెట్టిందని చెప్పుకుంది. లక్ష్మణ్ తాగి వచ్చిన రోజు సుకాంతి అలిగి సంచితో సహా వచ్చేసింది. అత్తమ్మ అతన్ని గేటు బయటే నిలబెట్టి హిందీ, తెలుగు కలిపి తిట్టింది. మామూలు అత్తగారిల్లయితే ఇంత తిట్టు పడేది కాదని అతను నాతో వాపోయాడు, అయినా చెప్పుకోలేని సంతోషం అతని ముఖంలో కనపడింది. కాన్పు కూడా మా ఇంట్లోనే. పుట్టిన పసిపిల్లకు అత్తమ్మే నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టి స్నానం చేయించేది. ఆ పిల్ల ఉయ్యాల చీర, గ్లాసు, చిన్న చిన్న గౌన్లు మా అలమారలో కింది అరలో ఉండిపోయాయి.

తర్వాత లక్ష్మణ్‌కు కాజీపల్లిలో పని దొరికి అక్కడికి మారిపోయారు. దూరం పెరిగింది కానీ రాకపోకలు తగ్గలేదు. సుకాంతి అత్తమ్మను అమ్మా అనేది, మా ఆయనను అన్నా అనేది. నన్ను మాత్రం మేడం అనే పిలిచేది. మొదటి రోజు అలవాటు అలా ఉండిపోయింది. నేనూ మార్చమని అనలేదు.

అత్తమ్మ పోయిన రోజు సుకాంతి ఆటో దిగి నేరుగా లోపలికి వచ్చింది. మా ఆడబిడ్డ జరిగి తన పక్కన జాగా ఇచ్చింది. ఇద్దరూ తల దగ్గర కూర్చుని ఏడ్చారు. దినాలన్నీ అయ్యేదాకా సుకాంతి మా ఇంట్లోనే ఉంది. వచ్చినవాళ్లకు టీలు పెట్టింది, గంజులు తోమింది. ఆమె పిల్ల మాత్రం గేటు దగ్గరి ఖాళీ కుర్చీలోకి ఎక్కడం దిగడం చేస్తూ ఉండేది.

వెళ్లే రోజు సుకాంతి అలమార కింది అర తెరవడం చూశాను. చిన్న చిన్న గౌన్లన్నీ తీసి సంచిలో పెట్టుకుంటోంది. తల్లి పోయింది కాబట్టి ఇక ఈ ఇంటితో పని లేదనుకుంటోందా? ఒక పుట్టిల్లు మట్టి కింద పోయింది. రెండోది కూడా పోయిందని తనే తలుపు వేసుకుని వెళుతోందా? నేను ఏదో చెప్పాలి. లెక్కలు చెప్పడం వేరు, ఇలాంటివి చెప్పడం వేరు. నాకు అత్తమ్మ నోరు లేదు.

చెప్పులేసుకుని ఆమె వెంట నడిచాను. మధ్యాహ్నపు ఎండ. కల్వర్టు కింద వాగు సన్నగా, నురగ కట్టి పారుతోంది. కల్వర్టు దాటాక, అత్తమ్మ నిలబడే చోటే ఆగాను. పిల్లను ఎత్తుకుని ఆటో కోసం చూస్తున్న ఆమెతో, అమ్మ లేకపోయినా మీరు రావాలి, సంవత్సరీకం అయ్యాక ఒడిబియ్యం మేమే పోస్తాం అని, బడిలో నోటీసు చదివినట్టు చెప్పాను.

సుకాంతి నా వైపు వింతగా చూసింది.

"అమ్మ అప్పుడే ఈ గట్టు మీదనే చెప్పింది కదా" అంది. "'నీకు బియ్యం పోసింది నేను కాదు, మీ వదిన. నేను ముసల్దాన్ని, ఇయ్యాలనో రేపో పోత. నా చేత్తోటి పోస్తే నా తోటే పోతది. మీ వదిన చేత్తోటి పోయించిన, గా ఇల్లు నీకు ఉంటది' అన్నది."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ శుక్రవారం ఆమె గోడకు ఎందుకు ఆనుకుని నిలబడిందో. పట్టింపు కాదు, భయమూ కాదు. మాఘమాసంలో ఊరి ముందు ఎదిరించి సొంత బిడ్డకు పోసుకున్న చేతులను, ఈ బిడ్డ కోసం వెనక్కి కట్టుకుంది. కన్నబిడ్డకు తను పోయినా అన్న ఉంటాడు, ఇల్లు ఉంటుంది. ఈ పిల్లకు మాత్రం తనతో ముగిసిపోని పుట్టిల్లు కావాలి. దానికి తగిన చెయ్యి నాదని ఆమె నాకు తెలియకుండానే తేల్చేసింది.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. సుకాంతి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మేడం గారికి చెప్తే ఆలోచన మొదలుపెడతరు, చేతులు వణుకుతయి అన్నదట. మరి ఆ గౌన్లన్నీ ఎందుకు తీసుకెళుతున్నావని అడిగాను.

"పొట్టిగైనయి. పెద్దయి తెచ్చి పెడత" అంది.

ఆటో వచ్చింది. ఇరికి కూర్చున్న ఇద్దరి పక్కన ఆమె, ఒళ్లో పిల్ల, కాళ్ల దగ్గర సంచి. ఆటో కదిలింది. అత్తమ్మ నిలబడ్డట్టే నేనూ అక్కడే నిలబడ్డాను. కంపెనీ గోడ మలుపు దగ్గరికి వెళ్లాక సుకాంతి తల బయటికి పెట్టి, చెయ్యి అడ్డంగా ఊపుతూ అరిచింది. ఆ మాట నాకు బాగానే వినపడింది.

"ఎండల నిలబడకు వదినా, ఇంట్లకు పో."